డిజైనింగ్ పనిల ఉన్నోళ్లు డిస్లెక్సియాతోని ఎట్ల నెట్టుకొస్తున్నరు? (నల్లగొండ)

కుంచె_నల్లగొండ

అందరికి నమస్తే. నాది నల్లగొండ, గడియారం సెంటర్ దిక్కు ఒక ఫ్లెక్సీ షాపుల డిజైనర్‌గ చేస్త, వయసు 36. అసలు నేను గోడల మీద రాసే పని కాన్నుంచి వచ్చినోన్ని, చిన్నప్పుడే మా ఉస్తాద్ దగ్గర చేరిన, మునుగోడు, దేవరకొండ దిక్కు ఊర్లల్ల విత్తనాల యాడ్లు, ఎలక్షన్లప్పుడు గుర్తులు, బడి గోడల మీద సూక్తులు మస్తు రాసిన. రంగు దారం గుంజి రెండు గీతలు కొట్టుడు, నడిమిట్ల అక్షరం కూసోబెట్టుడు, తలకట్టు యాడ వంపు తిరగాలె, కింద ఒత్తుకు ఎంత జాగ ఇడ్వాలె, ఇవన్ని చెయ్యికి వచ్చు. ఇప్పటికి గూడ షాపుకు పేరు బోర్డు కావాలంటే ఫాంటు వద్దు నువ్వే గీసియ్యి అనేటోళ్లు ఉన్నరు.

కాని చదువుడే కష్టం. రాదని కాదు, మస్తు మెల్లగ వస్తది. వాట్సాప్‌ల నాలుగు లైన్ల మెసేజ్ వస్తే నాలుగో లైనుకు వచ్చేసరికి మొదటి లైన్ల ఏమున్నదో పోతది. అదే నోటితోని చెప్తే నెల తర్వాత అడిగినా అప్పజెప్త. బతుకమ్మకో దసరాకో శుభాకాంక్షల ఫ్లెక్సీ అంటే ఫోటోల కింద ఇరవై ముప్పై పేర్లు ఉంటయి గద, ఫోటోలు కట్ జేసి రంగులు సరిజేసి లేఅవుట్ మొత్తం అర్ధగంటల పడేస్త, పేర్లు కొట్టుటానికి మాత్రం దానికి నాలుగింతల టైమ్ పడ్తది. థ ధ ద మూడు ఒక్క తీర్గ కనిపిస్తయి. వెంకటేశ్వర్లు అని ఉన్నదనుకోండ్రి, శ కింద వ ఒత్తు, ర కింద ల ఒత్తు, కాయితం మీద పెన్సిల్ మొన ఆనిచ్చి ఒక్కో ముక్క చూసి కొట్టాలె, తల ఎత్తి స్క్రీన్ చూసి మళ్ల కాయితం చూస్తే యాడ ఆపిన్నో తెల్వదు. గమ్మత్తు ఏందంటే అదే పేరు గోడ మీద గీయమంటే ఒక్క వంకర గూడ పోదు, ఎందుకంటే అప్పుడది నాకు బొమ్మ, చదివే పని లేదు.

బళ్లె మొద్దు అన్నరు, ఎనిమిదిల బంద్ జేసిన. ఇన్నేండ్లు నాకు దిమాక్ తక్కువ అనే అనుకుంట బతికిన, ఎవ్వరికి చెప్పుకోలే. ఇప్పుడు నా బిడ్డ మూడో తరగతి. వాళ్ల మేడం పిలిచి, పాప చానా తెలివికల్లది గాని చదువుటప్పుడు అక్షరాలు పట్టుకుంటలేదు, డిస్లెక్సియా కావొచ్చు ఒకసారి చూపించుండ్రి, మీ ఇంట్ల ఇంకెవరికన్న ఇట్ల ఉండెనా అని అడిగింది. నేను ఏం మాట్లాడలే. ఇంటికి వచ్చినంక మా ఆమె అన్నది, ఇంకెవరికో ఎందుకు, నీకే గద అని. అప్పటి సంది ఫోన్ల దాని గురించి వీడియోలు ఇనుకుంటనే ఉన్న.

నేను అడిగేది ఏందంటే, ఈ వయసుల నేను పరీక్ష చేయించుకుంటే ఏమన్న ఫాయిదా ఉంటదా? ఇట్లనే ఉండి బొమ్మలు, డిజైనింగ్, పాటలు, అసుంటి పనిల ఉన్నోళ్లు ఎవరన్న ఉంటే మీరు రాత పని ఎట్ల జేసుకుంటున్నరు? ఓనర్‌కు, కస్టమర్లకు చెప్పాల్నా వద్దా? ఇది మొత్తం నేను ఫోన్ల మాట్లాడి టైప్ జేయించిన, మా ఆమె ఒకసారి చూసింది.

భవిత_పంతులమ్మ

తమ్మీ, నేను పాలమూరు జిల్లాల ఒక మండలంల భవిత సెంటర్ల, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు పెట్టిన సెంటర్ల, పిల్లలకు చెప్త. ముందుగాల ఒక్క మాట, మీ పాప మేడంకు నా తరఫున దండం పెట్టు, మూడో తరగతిలనే పట్టుకున్నది, అది చానా పెద్ద సంగతి.

డిస్లెక్సియా అంటే కంటి జబ్బు కాదు, దిమాక్ తక్కువ అసలే కాదు. చెవిల పడ్డ మాటను చిన్న చిన్న సప్పుళ్లుగ విడదీసి, ఏ సప్పుడుకు ఏ అక్షరం అని టక్కున జతజేసే పని మెదడుల నిదానంగ నడుస్తది. పుట్టుకతోని ఉంటది, ఇంట్ల ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే ఆ మేడం ఇంట్ల ఎవరికన్న ఉన్నదా అని అడిగింది, అది మీ తప్పు బయటపెట్టుటానికి కాదు. గోలీలతోని, అద్దాలతోని పోదు, పోతదని పైసలు గుంజేటోళ్లు ఉన్నరు జాగ్రత్త. దీని గురించి డాక్టర్లు మొదట రాసినవాటిల ఒకటి 1896ల ఇంగ్లాండ్‌ల ప్రింగిల్ మోర్గన్ అనే ఆయన రాసింది, 14 ఏండ్ల పోరడు, లెక్కలు మంచిగ జేస్తడు, మాటల హుషారు, చదువుడు మాత్రం రాదు. చదువు మొత్తం నోటితోని చెప్పేదుంటే బడి మొత్తంల వీడే ఫస్టు ఉంటుండె అని వాళ్ల పంతులు అన్నడట. నువ్వు చెప్పిన నెల తర్వాత అప్పజెప్పుడు గూడ అదే తమ్మీ.

తెలుగుల ఇంకో సంగతి ఉన్నది. ఇంగ్లీషుల రాసేది ఒకటి పలికేది ఒకటి కాబట్టి పిల్లలు తప్పులు మస్తు చదువుతరు, అది జల్ది కనపడ్తది. మన అక్షరం ఎట్ల పలుకుతమో అట్లనే రాస్తం, అందుకని తప్పులు కొంచెం తక్కువ ఉండి ఆలస్యం ఎక్కువ ఉంటది. చదువుతున్నడు గద, బద్ధకం అంతే అని ఇడ్శిపెడ్తరు. పైంగ మనకు గుణింతాలు పైన, ఒత్తులు కింద, పక్కన, ఒక్క అక్షరంల మూడు నాలుగు ముక్కలు చూడాలె. వ, మ, ప దగ్గర, న, స దగ్గర ఆగిపోయే పిల్లలను నేను రోజు చూస్త. నువ్వు ఒత్తుల దగ్గరనే ఆగుతున్న అన్నవు గద, నాకు ఇసంత గూడ ఆశ్చర్యం అనిపియ్యలే.

వీడియోలల్ల డిస్లెక్సియా ఉన్నోళ్లందరు పుట్టు కళాకారులు అని చెప్తుంటరు, పరిశోధనలల్ల అది గట్టిగ తేలలే. ఉన్నోళ్లల్ల కళాకారులు ఉన్నరు, లేనోళ్లు ఉన్నరు. పాపకు బొమ్మలు రాకపోతే గూడ ఏం కాదు అని చెప్పుటానికి ఇది రాస్తున్న.

చిటికి_డిజైన్

అన్నా నాది చౌటుప్పల్ దిక్కు, ఇప్పుడు యాదాద్రి జిల్లా అయింది గాని మా ఇంట్ల ఇంకా నల్లగొండ జిల్లా అనే అంటరు. చిటికి డిజైన్లు, అంటే నూలుకు ముందే రంగులేసి నేసే ఇక్కత్ చీరల డిజైన్లు గీస్త. పరీక్ష గిట్ల ఏం చేయించుకోలే, నీ పోస్టు ఫోన్ చదివి వినిపిస్తే ఇన్న, పెన్సిల్ మొన ఆనిచ్చి అన్న కాడ ఆపి మళ్ల ఇన్న.

మా పనిల గ్రాఫ్ కాయితం మీద గడి గడికి రంగు నింపాలె, ఒక గడికి ఇన్ని పోగులు అని లెక్క, ఆ లెక్క మీద నూలుకు యాడ రబ్బరు కట్టాలె, ఏ రంగుల ముంచినంక యాడ ఇప్పాలె అనేది అంతా ముందే తేలాలె. ఒక్క గడి అటిటు అయితే చీర మొత్తం అంచు పొంటి అది కనపడ్తనే ఉంటది. ఇది నాకు కష్టం కాదు, కండ్లు మూసుకుంటే చీర మొత్తం కనపడ్తది. నాకు కష్టం ఎక్కడంటే, రంగులకు షేడు నంబర్లు ఉంటయి, నా కంటికి 35 పోయి 53 అయితది. అందుకే నేను నంబర్లు, పేర్లు రాసుకునుడే బంద్ పెట్టిన. రంగేసిన నూలు ముక్క ఏలెడంత కత్తిరించి ఆ గడి పక్కన గమ్ముతోని అంటిస్త. ముందు ముంచే రంగు పైన, తర్వాతది దాని కింద, అట్ల వరుసగ. కట్టే వాళ్లకు గూడ అదే కాయితం ఇస్త, వాళ్లు గూడ ఇదే సులువున్నది అంటరు, ఇప్పుడు మా పక్క ఇండ్లల్ల గూడ ఇట్లనే జేస్తున్నరు. ఆర్డర్లు ఎవరు రాసి పంపినా మాట పంపుండ్రి అని అడుగుత, కారణం చెప్ప, మాట పంపుండ్రి అంటే పంపుతరు అంతే.

పంతులమ్మ చెప్పినదానికి నేను గూడ ఒకటి కలుపుత. బయటి నుంచి వచ్చినోళ్లు నా డిజైన్లు చూసి నీకు చదువు రాకపోవుట్లనే ఇది వచ్చింది అంటరు, నాకు కోపం వస్తది. నాకు డిజైన్ వచ్చింది మా ఇంట్ల గుంట మగ్గం ఉన్నందుకు, మా అమ్మ ఆసు పోస్తుంటే పక్కన కూసోని పోగులు చూసుకుంట పెరిగినందుకు, మా నాయిన చెడగొట్టిన నూలు గూడ నాకు ఇచ్చి కట్టి చూడు అన్నందుకు. నీకు గూడ అక్షరం వచ్చింది మీ ఉస్తాద్ దగ్గర ఎండల నిలబడి గీసినందుకు అన్నా. ఆ కష్టం మనది. దాన్ని తీసుకపోయి ఒక జబ్బు పేరు కింద రాయనియ్యకు.

సొసైటీల లోను కాయితాలు, ఫారాలు మాత్రం ఇప్పటికి నాకు భయమే. మా తమ్ముడు నింపుతడు.

ఫాంట్ల_ముచ్చట

నేను డీటీపీ ఆపరేటర్‌ని, మిర్యాలగూడ. లగ్గం పత్రికలే ఎక్కువ. నాకు డిస్లెక్సియా లేదు గాని మా షాపుల ఒక తమ్ముడు ఉన్నడు, అతని కోసం మేం పని తీరే మార్చినం, అది చెప్త.

ముందు నువ్వు అను ఫాంట్లల్ల కొడుతున్నవా? మన దిక్కు షాపులన్ని అవే గాబట్టి అడుగుతున్న. యూనికోడ్ అంటే ఏ ఫోన్ల, ఏ కంప్యూటర్ల అయినా అదే అక్షరంగ ఉండే పద్ధతి. అను యూనికోడ్ కాదు, దాంట్ల కొట్టిన పేరును ఫోన్ గాని కంప్యూటర్ గాని చదివి వినిపియ్యలేదు, దానికి అది పిచ్చి గుర్తుల లెక్కనే కనపడ్తది. చెవితోని పట్టుకునేటోనికి ఆ ఒక్కటే పెద్ద అడ్డం. కాబట్టి పేర్లు మొదట యూనికోడ్‌ల ఉండాలె. కస్టమర్‌ను కాయితం తేవద్దని చెప్పు, పేర్లు వాట్సాప్‌ల టైప్ జేసి పంపమను, వాళ్లకు రాకపోతే నీ ఫోన్ల టైప్ జేసే జీబోర్డ్ కీబోర్డ్‌ల మైకు నొక్కి వాళ్లతోనే ఒక్కొక్క పేరు చెప్పిపియ్యి. ఆ తర్వాత కాపీ పేస్టు తప్ప ఇంకేం లేదు, ఒక్క పేరు గూడ చెయ్యితోని మళ్ల కొట్టొద్దు. తర్వాత ఎడ్జ్ బ్రౌజర్ల పెట్టి రీడ్ అలౌడ్ నొక్కితే తెలుగుల మంచిగ చదువుతది, ఆడ గొంతు మగ గొంతు రెండు ఉన్నయి, స్పీడు తగ్గించుకోవచ్చు. సత్తయ్య పోయి సతయ్య అయితే చెవికి ఎంటనే తగుల్తది. శ, ష, స లాంటివి మాత్రం చెవికి సరిగ దొరకయి, ల, ళ గూడ అంతే, వాటిని ఎవరితోనన్న చూపియ్యాలె, ఆ ఒక్క పనికి మనిషి కావాలె.

ఇగ ఫోటోషాప్‌ల యూనికోడ్ పేస్ట్ జేస్తే ఒత్తులు విడిపోతున్నయి అంటరు అందరు, టైప్ సెట్టింగుల వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటది, అది పెట్టుకుంటే మంచిగ కూసుంటయి. ఫాంట్లు లేవు అనేది గూడ పాత మాట, గూగుల్ ఫాంట్స్‌ల రామభద్ర, మండలి, ఎన్టీఆర్, పొన్నాల, మల్లన్న, సూరన్న, ధూర్జటి ఇట్ల మస్తున్నయి, అన్ని ఫ్రీ. హెడ్డింగులకు రామభద్ర మంచిగ దొడ్డుగ ఉంటది. నీ అసుంటి చేతి పనోడు ఫాంట్లను చూసే తీరు వేరే ఉంటది, ఒకసారి అన్ని దించుకొని చూడు, ఏది బాగుందో ఏది ఆగమాగం ఉందో మాకు చెప్పు.

సర్కారు ఆఫీసులు, పేపర్లోళ్లు ఇంకా అను ఫైలే అడిగితే చివరికి కన్వర్టర్ల వేసి ఇయ్యొచ్చు.

కస్టమర్లకు చెప్పాల్నా అన్నవు. మా షాపుల అందరికి ఒకటే రూలు పెట్టినం, ప్రూఫ్ వాట్సాప్‌ల పంపుతం, పేర్లన్ని చూసుకొని ఓకే అని రాస్తేనే ప్రింటుకు పోతది. ఎవరు డిజైన్ జేసినా అదే రూలు. అప్పుడు ఎవరికి ఏం చెప్పే పనే రాదు, తప్పు పోయిందని లొల్లి గూడ తగ్గింది.

పాలమూరు_అక్క

నేను ఓనర్‌కు చెప్పు అంటా తమ్మీ. ఫాంట్ల తమ్ముడు చెప్పిన రూలు మంచిదే, కస్టమర్లకు అది సాలు. కాని రోజు పక్కన కూసునే మనిషి దగ్గర దాచుకుంట ఉండుడు పాణం తీస్తది, నాకు తెలుసు.

నేను పాటలు కడ్త. బతుకమ్మ పాటలు, మహిళా సంఘం మీటింగులకు పాటలు, ఊర్ల ఎవరన్న అడిగితే పెండ్లి పాటలు. రాయ. ఫోన్ల పాడి పెట్టుకుంట, చరణం చరణం వేరే వేరే రికార్డింగు, బాగలేనిది తీసేసి మళ్ల పాడ్త. మా అమ్మమ్మలు రాసుకొని పాడిన్రా, వాళ్లు గూడ చెవితోని నేర్చుకొని నోటితోనే మార్చుకుంట పాడిన్రు. ఒకసారి పాట మంచిగున్నది, రాసిన కాయితం ఇయ్యి అక్కా అని మీటింగుల అందరి ముందు అడిగితే కాళ్లు వణికినయి, పదో తరగతి పాసైనదానివి రాయరాదా అంటరని. తర్వాత మా గ్రూపు లీడర్‌కు ఒక్కదానికే చెప్పిన. ఆమె ఏమన్నదో ఎరుకనా, నువ్వు పాడు నేను రాసుకుంట అన్నది, అంతే, ఇప్పటికి అట్లనే నడుస్తున్నది. ఆమె రాసిన పుస్తకంల నా పేరు పైన ఉంటది.

ఈ వయసుల తెలుసుకొని ఏం ఫాయిదా అంటే, హాలీవుడ్ డైరెక్టర్ స్టీవెన్ స్పీల్‌బర్గ్‌కు అరవై ఏండ్ల దగ్గర తెలిసిందట, 2012ల ఇంటర్వ్యూల చెప్పుకున్నడు. బళ్లె క్లాసులోళ్ల కంటె రెండేండ్లు ఎనకబడి చదివేటోడట. అన్ని సినిమాలు తీసినంక గూడ ఆయనకు తెలుసుకోవాలె అనిపించింది గద.

సర్టిఫికెట్ సంగతి వేరే. 2016 దివ్యాంగుల చట్టంల 21 రకాలు ఉన్నయి, దాంట్ల డిస్లెక్సియా ఉన్నది, 40 శాతం పైన ఉంటేనే సర్కారు ఉద్యోగం, కాలేజీ సీటు రిజర్వేషన్ లెక్కకు వస్తది. ఉద్యోగాలల్ల మొత్తం నాలుగు శాతం, ఇది వచ్చే గ్రూపుకు ఆటిజం, మానసిక జబ్బులు అన్ని కలిపి ఒక్క శాతమే. నువ్వు ప్రైవేటు పని మీద బతికేటోనివి, ఆ కాయితంతోని నీకు పెద్దగ ఒరిగేది లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్న. కాని పరీక్ష చేసే సైకాలజిస్టు ముంగట కూసుంటే నీకు యాడ ఆగుతుందో, దేంట్ల నువ్వు అందరి కంటె ముందున్నవో కాయితం మీద చూపిస్తరు. మొద్దు అన్న మాట ముప్పై ఏండ్లు మోసినోనికి అది చిన్న సంగతి కాదు. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ, అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలె, అడుగు, సిగ్గుపడకు.

పాపకు మాత్రం సర్టిఫికెట్ తప్పక చేయించు. ఎనిమిదేండ్లకు ఒకసారి, 14కు ఒకసారి, 18కి ఒకసారి చూస్తరు, 18ల ఇచ్చింది జీవితాంతం నడుస్తది.

మనసు మరీ బరువు అనిపిస్తే 14416కు ఫోన్ జెయ్యి, టెలి మానస్ అంటరు, మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్, పైసలు పడయి, తెలుగుల మాట్లాడ్తరు.

కుంచె_నల్లగొండ

అందరియి ఒక్కొక్కటి ఫోన్ల పెట్టి ఇన్న. చిటికి తమ్మీ నువ్వు చెప్పింది ఇన్నంక మా ఉస్తాద్ దగ్గరికి పోయొచ్చిన, చానా రోజులైండె, ఆయనకు చెప్పిన ఈ సంగతంతా. నాకు మొదటి రోజే తెలుసురా, నువ్వు పేరు చదువకుంట గీస్తున్నవని, అందుకే నీకు నేను నోటితోని చెప్పుకుంట రాయించిన అన్నడు. ఇన్నేండ్లు అట్ల ఎందుకు చెప్పేటోడో నాకు తెల్వదు.

ఓనర్‌తోని మాట్లాడిన. ప్రూఫ్ రూలు పెడ్దం అన్నడు, అను బంద్ పెట్టుడు మాత్రం మెల్లగ చూద్దం అన్నడు, పాత ఫైళ్లన్ని దాంట్లనే ఉన్నయట. నా సిస్టంల నేను ఎడ్జ్ పెట్టుకున్న. ఫాంట్లు దించిన, రామభద్ర మంచిగున్నది, ధూర్జటిల ఒత్తులు నాకు బాగ నచ్చినయి, బ్రష్ తోని తిప్పినట్టే ఉన్నయి.

పంతులమ్మా, ఒక్కటి అడుగుత. పాప పొద్దంత బొమ్మలే ఏస్తది, మా ఆమె ఏమో చదువు మీదికి వచ్చేదాక రంగుల డబ్బ లోపల పెడ్త అంటున్నది. నాకు అది నచ్చుతలేదు గాని నాకెట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. ఇంకోటి, ఎక్కడికి తీసుకపోవాలె?

భవిత_పంతులమ్మ

రంగుల డబ్బ తీయొద్దు అని మీ ఆమెకు నా మాటగ చెప్పు. పొద్దంత బళ్లె ఓడిపోయి వచ్చే పిల్లకు ఇంట్ల గెలిచే పని ఒకటి ఉండాలె, అది తీసేస్తే చదువు రాదు సరిగద పుస్తకం అంటేనే పగ అయితది. బొమ్మలతోనే అక్షరం నేర్పు. నువ్వు రెండు గీతలు గొట్టి నడిమిట్ల అక్షరం కూసోబెడ్తవు గద, అట్లనే పెద్దగ నేల మీద గీపియ్యి, గీసేటప్పుడు ఆ సప్పుడు పైకి అనాలె, అనకుంట గీస్తే అది నీ తీర్గనే ఉట్టి బొమ్మ అయి కూసుంటది. ఒక్కరోజు ఒక్క అక్షరం చాలు, వ అనుకో. కలిసిపోయే రెండు అక్షరాలు ఒక్కనాడే మొదలు పెట్టొద్దు, ఒకటి గట్టిగ వచ్చినంకనే రెండోది. ఒత్తుకు వేరే రంగు ఏయమను. పది పదిహేను నిమిషాలు, ఏడ్చిందంటే ఆపేయి.

ముందు కండ్లు, చెవులు చూపియ్యి, అవి సరిగున్నయని కాయితం లేకుంట ఎవ్వరు ముందుకు పోరు. మీ మండలంల భవిత సెంటర్ ఉంటది, బడి మేడంను అడిగితే చెప్తది, అక్కడి టీచర్‌ను కలువు. జిల్లా జనరల్ హాస్పిటల్ల సైకియాట్రీ ఓపీ ఉంటది. హైదరాబాద్ పోగలిగితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్ల ఎన్‌ఐఈపీఐడీ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉన్నది, పిల్ల ఏ సబ్జెక్టుల ఏ క్లాసు లెవల్ల ఉన్నదో చూసే గ్లాడ్ అనే పరీక్ష వాళ్లే తయారు జేసింది. సర్టిఫికెట్ చేతికి వస్తే పెద్ద పరీక్షలల్ల ఎక్కువ టైమ్, రాసేటందుకు మనిషి అడుక్కోవచ్చు, కేంద్రం గైడ్‌లైన్స్‌ల గంటకు 20 నిమిషాలకు తక్కువ గాకుండ అదనపు టైమ్ ఇయ్యాలని ఉన్నది.

పోయేటప్పుడు పాప రెండేండ్ల నోట్సులు తీసుకపో, తప్పులున్నయని ఇడ్శిపెట్టొద్దు, తప్పులున్నవే కావాలె. బొమ్మల పుస్తకం గూడ పెట్టుకో. అక్కడ మీ ఇంట్ల ఎవరికన్న ఉన్నదా అని మళ్ల అడుగుతరు, ఈసారి నాకు ఉన్నది అని చెప్పు, అది రాసుకుంటే వాళ్లకు పని సులువైతది.